ఐదు గొంగళ్ల అర్ర

పోయిన నెల షాద్‌నగర్‌లో ఒక టైల్స్ దుకాణంలో నేను నవ్విన నవ్వుకు మా ఆయన వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పు నాది కాదు. మేం కట్టుకుంటున్న ఇంట్లో ముందుగదికి ఎన్ని టైల్స్ పడతాయో దుకాణాయన లెక్క చూస్తున్నాడు. మా ఆయన ఫోను తీసి, దాన్ని గోడలకు చూపించి తానే పట్టిన కొలతలు గర్వంగా ముందు పెట్టాడు. కోతలో పోయేవి కలిపారా అని దుకాణాయన అడిగాడు. కలిపామని ఈయన చెప్పాడు. పగిలేవి కలిపారా? కలిపాం. తలుపు సందుల్లోవి? అవీ కలిపాం. ఇద్దరూ ఒకరి తెలివికి ఒకరు మెచ్చుకుని తలలూపుకుంటుండగా నా నోట్లోంచి నాకు తెలియకుండానే ఒక మాట ఊడిపడింది. "అవ్వ కూసున్న జాగా కలిపిన్రా?"

అంతే, ఇక నవ్వు ఆగలేదు. టైల్స్ అట్టపెట్టెల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాను. దుకాణాయన మంచినీళ్లు తెప్పించాడు. "మేడమ్‌కు బీపీ ఉందా సార్?" అని మా ఆయన్ని మెల్లగా అడిగాడు. మా ఆయన నిజామాబాదు వైపు మనిషి. మా ఊరి సంగతులు ఆయనకు పెళ్లినాటి నుంచీ చెబుతూనే ఉన్నాను గానీ ఇది మాత్రం ఎందుకో చెప్పనే లేదు. చెబుదామని నోరు తెరిస్తే నవ్వొచ్చి సగంలోనే ఆగిపోయేది. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. కాగితం ముందు ఎంత నవ్వినా అది మంచినీళ్లు తెప్పించదు.

మాది మోత్కూరు దగ్గర ఊరు. గొర్లకాపరుల ఇల్లు. మా ఇంటి ముందు అర్రను, అంటే ముందుగదిని, మా తాత మల్లయ్య పెళ్లయిన కొత్తలో తానే కట్టాడు. రాళ్లు తెచ్చింది, మట్టి తొక్కింది, గోడ లేపింది అన్నీ తానూ మా అవ్వ లింగమ్మే. ఆ అర్రకు వెడల్పు ఎంత ఉండాలని అడిగితే తాత తన భుజం మీది గొంగడి తీసి నేల మీద పరిచాడట. "నేను కాళ్లు సాపుకొని పండాలె, గోడకు తాకొద్దు. గంతే." అలా గొంగడి పొడవే అర్ర వెడల్పయింది. పొడవు మాత్రం వెనక్కి వెనక్కి పోయి, ఐదు గొంగళ్లు పక్కపక్కన పరిచినంత వచ్చి ఆగింది. వీధిలోంచి చూస్తే రైలుపెట్టెలా ఉండేది. చుట్టాలొస్తే గడప నుంచి వరుసగా పడుకోబెట్టేవాళ్లం. లోపలివాళ్లు పొద్దున్నే బయటికి రావాలంటే బయటివాళ్లందరినీ దాటుకుంటూ, తొక్కుతూ, తిట్లు తింటూ రావాల్సిందే.

గొంగడి మా తాతకు దుప్పటి మాత్రమే కాదు. వానకు గొడుగు, ఎండకు నీడ, అడవిలో పరుపు, సంతలో సంచి, అన్నిటికీ మించి కొలబద్ద. మా దిక్కు రైతులు ఎరువు కోసం పొలాల్లో గొర్ల మందను పండబెట్టుకుంటారు. మంద ఎంత జాగాలో పండిందో తాత గొంగడితో కొలిచి చెప్పేవాడు. ఆ మాటకు తిరుగులేదు. పక్కూరి పటేళ్లు కూడా "మల్లయ్య గొంగడి అబద్ధమాడది" అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా తాత చుట్ట నోట్లోంచి తీసి, ఏమీ విననట్టు ఆకాశం వైపు చూసేవాడు. విన్నాడని మాకందరికీ తెలిసేది. ఆ గొంగడికి ఒక వాసన ఉండేది. నేసినప్పుడు పట్టించిన చింతగింజల గంజి, చుట్టపొగ, గొర్రెపాలు, వాన వెలిసిన చెలక నేల అన్నీ కలిసిన వాసన. చిన్నప్పుడు జ్వరమొస్తే నాకు దవాఖాన మందు కంటే ముందు ఆ గొంగడి కప్పేవాళ్లు. మందు చేదు తెలియకుండా ఆ వాసనే చూసుకునేది.

అర్రలో చివరి గొంగడంత జాగా మాత్రం మనుషులది కాదు, అవ్వ గొర్రెపిల్లలది. చలికాలంలో పుట్టిన బక్కపిల్లల్ని ఆమె మందలో ఉంచేది కాదు. తెచ్చి ఆ మూలన, వరిగడ్డి పరిచి, పెద్ద వెదురుగంప బోర్లించి దాని కింద పెట్టేది. తాను ఆ గంప పక్కనే పడుకునేది. ప్రతి పిల్లకూ దాని గుణాన్ని బట్టి పేరు పెట్టేది. పాలు దొంగతనంగా తాగేది దొంగది. కళ్ల చుట్టూ నల్లమచ్చలున్నది పంతులు. ఎవరొచ్చినా లేవకుండా కూర్చునేది పటేలు. అవ్వ దగ్గితే చాలు, గంప కింద నుంచి పంతులూ పటేలూ అందరూ ఒక్కసారి పలికేవాళ్లు. శుక్రవారం వచ్చిందంటే అవ్వ ఎర్రమన్నూ పెండా కలిపి గడప నుంచి ఆ మూల దాకా అర్రంతా అలికేది. ఆరేదాకా మమ్మల్ని లోపల అడుగు పెట్టనిచ్చేది కాదు. మేం గడప బయట కాకుల్లా వరుసగా కూర్చుని జొన్నరొట్టె తినేవాళ్లం. తడి మట్టి వాసన రొట్టెకు నంజుడుగా సరిపోయేది.

తెలంగాణ వచ్చింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఆ కొత్తల్లో అందరికీ ఒక రకం తిక్క ఆనందం పట్టుకుంది. మా నాయిన సత్తయ్య గొర్లు వదిలేసి ట్రాలీ ఆటో నడిపేవాడు. బండి నంబరు పలక మీద పాత అక్షరాలు చెరిపించి కొత్తవి రాయించుకొచ్చిన రోజు ఆటోకు దండ వేసి, మమ్మల్నందరినీ ఎక్కించుకుని, ఏ పనీ లేకుండా ఊరు మూడు చుట్లు తిప్పాడు. ఎవరైనా ఎక్కడికి అంటే "గిట్లనే" అని హారన్ కొట్టేవాడు. అలా తిరిగి తిరిగి ఇంటి ముందు బండి ఆపి, అర్ర వైపు చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని అన్నాడు. "రాష్ట్రం మారె, నంబరు మారె, మన నేల మాత్రం గట్లనే మట్టి నేలనాయె. టైల్స్ ఏపిద్దాం." అమ్మ అక్కడే చప్పట్లు కొట్టింది. నేను గెంతులు వేశాను. తాత కూడా "ఏపియ్ రా" అన్నాడు. అందరం అవ్వ వైపు చూశాం.

అవ్వ ముఖం వెలిగింది. అలుకుడు బాధ తప్పుతుందంటే ఎవరి ముఖం వెలగదు? ఆమె మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. కానీ నాయిన అక్కడితో ఆగలేదు. "గడప కాన్నుంచి ఆ గోడ దాంక ఒక్క తీరుగ. ఇగ గొర్రెపిల్లలు అర్రల ఉండొద్దు. ఎనక రేకులేసి కొట్టం కడ్త, బలుబు గూడ పెడ్త" అన్నాడు.

"సలికాలం పిల్లలు కొట్టంల బత్కయిరా" అంది అవ్వ.

"ఎందుకు బత్కయమ్మా, కరెంటు బలుబు పెడ్తనంటున్న గద?"

"బలుబు దగ్గుతదా?" అని అడిగింది అవ్వ.

నాయినకు అర్థం కాలేదు. మాకెవరికీ అర్థం కాలేదు. ఆమె దగ్గితే పిల్లలు పలికేవని, పిల్లలు పలికితే బతికున్నాయని ఆమెకు ధైర్యమని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. అంతకు ముందటి చలికాలంలో అవ్వ జ్వరంతో దవాఖానలో ఉంటే మేం పిల్లల్ని మందలోనే వదిలేశాం. ఆమె తిరిగొచ్చేసరికి పంతులు లేడు. అవ్వ ఖాళీ గంప తిప్పి పెట్టింది, అంతే. అందుకే ఇప్పుడు నాయిన మాటకు ఆమె పోట్లాడుతుందని, తిట్లతో ఇల్లు ఎగిరిపోతుందని చూశాం. ఆమె పోట్లాడలేదు. రెండు రోజులు అసలు మాట్లాడనే లేదు. మా ఇంట్లో అవ్వ మాట్లాడకపోవడమంటే బావిలో నీళ్లింకిపోవడమే. మూడో రోజు పొద్దున రొట్టె కొడుతూ చాలా మామూలుగా అంది. "సరె, ఏపిచ్చుకో. దుకాణానికి నేను గూడ వస్త."

అవ్వ బజారుకు వస్తానడమే పెద్ద వార్త. అది ఊరంతా పాకేలోపు ఇంట్లో ఇంకో రగడ మొదలైంది, అర్రను ఎవరు కొలవాలని. మేస్త్రీ సైదులు టేపు పట్టుకుని వస్తానన్నాడు. తాత చుట్ట ఆర్పేశాడు. అది ఆయన కోపానికి గుర్తు. "నేను గట్టిన అర్ర. నా గొంగడితోని గట్టిన. దాన్ని ఇంకొకడు వచ్చి ఇనుప పట్టీతోని కొలుస్తడా?" నాయిన ఎంత బతిమాలినా వినలేదు. "అరె నాయినా, దుకాణపోల్లు అడుగులు అడుగుతరు, గొంగళ్లు అడుగరు" అంటే తాత "గొంగడినే దుకాణానికి తీస్కపోదాం. దాని మీద టైల్స్ పర్సుమను. ఒక గొంగడికి ఎన్ని పడ్తయో సూస్కొని అయిదింతలు తెచ్చుకుందాం. గిందులో కష్టమేమున్నది?" అన్నాడు. నిజానికి కష్టమేమీ లేదు. లెక్కల పంతులు కూడా కాదనలేడు.

అయినా ఐదు గొంగళ్లే అని పంచనామా జరగాల్సిందేనని తాత పట్టుబట్టాడు. సామాన్లన్నీ వాకిట్లో పడ్డాయి. అర్రలో తాత ఒక కొసా నేను ఒక కొసా పట్టుకుని గొంగడి పరిచాం. పక్కన సుద్దతో గీత. మళ్లీ ఎత్తాం, మళ్లీ పరిచాం. ఇరుగుపొరుగు గడపలో గుంపుగా నిలబడి గొంగడి పడ్డప్పుడల్లా బోనాల్లోలాగా కేకలు వేశారు. ఒకామె నిజంగానే డప్పు కోసం మనిషిని పంపింది. చివరి గొంగడి గోడకు అతికినట్టు సరిపోయేసరికి తాత రెండు చేతులూ పైకెత్తాడు. "సూసిన్రా? వెంట్రుక మందం తేడా ఉన్నదా?" లేదు. ఆ గొంగడి నిజంగా అబద్ధమాడదు.

మర్నాడు అందరం నాయిన ట్రాలీలో మోత్కూరు పోయాం. అవ్వ పెళ్లిచీర కట్టింది. దారి పొడుగునా అమ్మా నేనూ పాటలు. అవ్వ ట్రాలీ కమ్మీ పట్టుకుని, గాలికి కొంగు ఎగురుతుంటే, దారిలో కనిపించిన ప్రతివాళ్లకూ "బండలు దేబోతున్నం" అని అడక్కుండానే చెప్పింది. దుకాణం యాకూబ్ భాయిది. ఆయన తండ్రి పొలంలో మా తాత ఎన్నో ఏళ్లు మంద పెట్టాడు. అందుకని తాత భుజం మీది గొంగడి దించి సంగతి చెప్పగానే ఆయన నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. "మా అబ్బాజాన్ గీ గొంగడి లెక్కనే నమ్మేటోడు కాకా. నేను కాదంటనా? ఏయ్ జరగండ్రి, జాగా ఇయ్యండ్రి" అని నలుగురు కూలీలతో దుకాణం నడిమధ్య ఊడ్పించాడు.

ముందు రంగు ఎంచాలి. నాయిన తెల్లవి అన్నాడు. అమ్మ గంధం రంగువి అంది. నాకు అద్దంలా మెరిసేవన్నీ కావాలి. నేను అప్పటికే ఆ దుకాణంలో పిచ్చెక్కి, నీళ్లు రాని నల్లాలన్నీ తిప్పి చూస్తున్నాను. అవ్వ మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని అన్నీ తిరిగి తిరిగి చూసి, మూలన దుమ్ము పట్టిన పెట్టెల దగ్గర ఆగింది. నెమలి మెడ రంగు మీద సన్నని తెల్లపూలున్న పాతకాలపు చిన్న టైల్స్. "గివి" అంది.

"అవి పాత సరుకు చిన్నమ్మా. కంపెనీ బంద్ జేసింది. ఉన్నయే ఉన్నయి" అన్నాడు యాకూబ్ భాయి.

"మల్ల కావాల్నంటె దొర్కయా?"

"మల్ల దొర్కయి. మీకు ఎన్ని గావాల్నో గన్ని తీస్కోన్రి, మిగిలినయి ఇయ్యాలనే ఇంకొకలు తీస్కపోతరు. అడిగిపోయిన్రు."

"ఎంత సక్కగున్నయో" అంది అవ్వ. ఆమె ఏదైనా చక్కగా ఉందని నోరు తెరిచి అనడం అదే మొదటిసారి. నాయిన కరిగిపోయాడు. తెల్లవీ గంధంవీ అక్కడే వీగిపోయాయి.

నడిమధ్య గొంగడి పరిచారు. తాత స్వయంగా నాలుగు మూలలూ సాగదీసి, ముడతలు చేత్తో రాసి, తల వైపున నిలబడ్డాడు. కూలీలు ఆయన కాళ్ల దగ్గర నుంచి టైల్స్ పేర్చడం మొదలుపెట్టారు. అప్పుడే అవ్వకు కాళ్లు నొచ్చాయి. "అబ్బ, నా మోకాళ్లు" అంటూ గొంగడి రెండో కొసన, మూరెడు జాగాలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కుర్చీ తెస్తామంటే వద్దంది. కుర్చీలో కూర్చుంటే తల తిరుగుతుందట. కూలీలు పేర్చుకుంటూ పేర్చుకుంటూ అవ్వ దాకా వచ్చి ఆగారు. పెద్దామె, అందులోనూ యాకూబ్ భాయి చిన్నమ్మా అంటున్నామె. లేవమని ఎవరంటారు? ఒకతను మర్యాదగా ఆమె కాలి మెట్టెలకు తగలకుండా చివరి వరుస సర్దాడు. యాకూబ్ భాయి చాయ్ తెప్పించాడు. అవ్వ గొంగడి మీదే కూర్చుని సాసర్‌లో పోసుకుని తాగింది. టైల్స్ లెక్కపెట్టారు, అయిదింతలు చేశారు. పేర్చిన వాళ్లు కలుపుతారని యాకూబ్ భాయి అనుకున్నాడు, యాకూబ్ భాయి కలుపుతాడని నాయిన అనుకున్నాడు. నేను కమోడు మూత తెరిచి మూస్తున్నాను. అవ్వ కూర్చున్న జాగా ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇల్లలకగానే పండగ కాదంటారు గానీ మాకు అలకడం ఆపగానే పండగొచ్చింది. సైదులు మేస్త్రీ పని మొదలుపెట్టిన రోజు అవ్వ గడప దగ్గరే పీట వేసుకుని కూర్చుని, "గడప కాన్నుంచి ఏసుకపో బిడ్డా, వచ్చేటోళ్లకు ముందుగాల కనవడాలె" అని చెప్పింది. నెమలి రంగు గడప నుంచి లోపలికి అల్లుకుంటూ పోయింది. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి, చెప్పులు విడిచి, ఒక్కో టైలు మీద ఒక్కో కాలు పెట్టి చూసి, చల్లదనానికి గిలిగింతలు పెట్టినట్టు నవ్వి పోయేవాళ్లు. మర్నాడు పనిలో ఉండగా సైదులు లోపలి నుంచి కేకేశాడు. "సత్తన్నా, ఇంకో బండి సరుకు యాడున్నది?"

ఇంకో బండి ఏదీ లేదు. అంతా అయిపోయింది. నాలుగు గొంగళ్ల జాగా నెమలి రంగులో నిగనిగలాడుతోంది. చివరి గొంగడంత జాగా ఎప్పటిలాగే ఎర్రమట్టితో కూర్చుని ఉంది. నాయిన తల పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. తాత వైపు చూశాడు. తాత గొంగడి వైపు చూశాడు. అమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. ఒక్కసారిగా నాయిన ఆగి, అవ్వ వైపు తిరిగి, వేలు చూపించి అరిచాడు. "అమ్మా! నువ్వు గొంగడి మీద కూసున్నవు గద! అయిదు మూరల గొంగడిల మూరెడు పోయె, అయిదింతలకు ఒక గొంగడే పోయె!"

"కూసుంటేంది? కాళ్లు నొస్తె ఎగురుమంటవా?" అంది అవ్వ.

సైదులు తాపీ కింద పడేసి గోడకు ఆనుకుని నవ్వాడు. అమ్మ నవ్వింది. నేను ఆ చల్లటి టైల్స్ మీద పడి దొర్లాను. నాయిన కూడా కాసేపు కోపం పట్టుకుని, పట్టుకోలేక, వదిలేశాడు. సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆ తర్వాత తాత ఏ వీధిలో కనిపించినా ఎవరో ఒకరు ఆపేవాళ్లు. "మల్లన్నా, మా అర్ర గూడ కొలువరాదు? వదినెను మాత్రం ఇంటికాడనే ఇడిశిరా." పక్కూరి పటేలు సైతం "నీ గొంగడి గూడ అబద్ధమాడవట్టెనా మల్లయ్యా" అన్నాడట. తాత చుట్ట తీసి ఆకాశం వైపు చూశాడు. ఆయన పేరు అలా గాలికి పోవడం చూసి నాకైతే నవ్వులోనే జాలేసింది. ఆయన మాత్రం ఎవరికీ ఎదురు చెప్పలేదు.

నాయిన పట్టు వదల్లేదు. నల్లగొండలో, సూర్యాపేటలో, కిరాయి మీద హైదరాబాదు పోయినప్పుడల్లా అక్కడ, నెమలి మెడ కోసం వెతికాడు. ఎంత తిరిగినా ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. ఒకసారి కాస్త దగ్గరి రంగు టైలు ఒకటి తెచ్చి మూలన పెట్టి చూపించాడు. అవ్వ తల వంచి ఆ పక్క నుంచి ఈ పక్క నుంచి చూసి, "మన మందల ఇంకొకల మేక నిలవడ్డట్టున్నది" అంది. ఆ మాటతో ఆ టైలు ఉప్పుకుండ కిందికి పోయింది.

చలికాలం వచ్చింది. మొదటి గొర్రెపిల్ల పుట్టింది. నాయిన మాట ప్రకారం దాన్ని వెనక రేకుల కొట్టంలో పెట్టారు. బలుబు వెలిగింది. అవ్వ గడపలో కూర్చుని దగ్గింది. ఆ పిల్ల ఎలా వచ్చిందో వచ్చింది, కొట్టంలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గడప దాటి టైల్స్ మీదికి. వచ్చీ రాగానే దాని నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారాయి. లేచింది, మళ్లీ జారింది. పొట్ట నేలకానించి, ఈదినట్టు, అవ్వ వైపు అరుస్తోంది. "ఆగాగు" అంటూ నాయిన దాన్ని పట్టుకోబోయి తానూ జారి వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే సర్రున పోయి మట్టినేల అంచున ఆగాడు. పిల్ల ఆయన పొట్ట మీద ఉంది. నాయిన కప్పు వైపు చూస్తూ ఉన్నాడు. పిల్ల ఆయన గడ్డం నాకింది. ఆయన మెల్లగా దాన్ని రెండు చేతులతో ఎత్తి, పక్కనున్న మట్టి మీద నిలబెట్టాడు. అది నాలుగు కాళ్ల మీద గట్టిగా నిలబడింది. "గంప యాడున్నదే?" అన్నాడు నాయిన.

అప్పుడు అవ్వ నవ్వింది చూడండి. నోట్లో మిగిలిన నాలుగు పళ్లూ కనిపించేలా, మోకాళ్లు కొట్టుకుంటూ, దగ్గు తెరలో నవ్వు తెర కలిసిపోయి, ఊపిరాడక తాత చెయ్యి పట్టుకుని నవ్వింది. ఆ పిల్లకు ఇంజినీరు అని పేరు పెట్టింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ మూల మట్టిదే. నాలుగు గొంగళ్లు తడిగుడ్డతో తుడుచుకోవడం అమ్మ పని. ఒక్క గొంగడంత జాగా ప్రతి శుక్రవారం పెండతో అలికి ముగ్గేయడం అవ్వ పని. మోకాళ్లు పూర్తిగా పోయాక కూర్చునే, జరుగుతూ జరుగుతూ అలికేది. అవ్వ పోయి మూడు చలికాలాలయింది. మూల అలాగే ఉంది. ఇప్పుడు నాయిన అలుకుతున్నాడు. ఆడవాళ్ల పని కాదా అని ఎవరైనా అంటే "మా అమ్మ జాగా" అంటాడు.

ఈ మధ్య నంబరు పలకల అక్షరాలు మళ్లీ మారాయి. ఈసారి ఎవరూ ఆటోకు దండ వెయ్యలేదు, ఊరు చుట్టూ తిరగలేదు. మాకు సంతోషం తగ్గిందని కాదు, సంతోషం వస్తే ఏం చెయ్యాలో మరిచిపోయాం. ఇప్పుడు కొలతలకు మనిషి అక్కర్లేదు. ఫోను కొలుస్తుంది, దుకాణం లెక్క కడుతుంది, సరుకు ఇంటికొస్తుంది. ఎక్కువా రాదు, తక్కువా రాదు. మా ఇంట్లో ఏ మూలా మిగలదు. నాకది బాగానే ఉంది, సుఖంగానే ఉంది. కానీ ఒక గదిని కొలవడానికి వాడకట్టంతా వచ్చి గడపలో కేకలు వెయ్యడం నాకు కావాలి. ఎక్కడ దొరుకుతుందో తెలియదు.

దుకాణంలో నవ్వు అయిన తర్వాతి ఆదివారం నాయిన తాతను షాద్‌నగర్ తీసుకొచ్చాడు, మా ఇల్లు చూపించడానికి. తాత చూపు మందగించింది, నడక నెమ్మదించింది. భుజం మీద గొంగడి మాత్రం ఉంది. ముందుగది గోడలు తడిమి చూసి, నేల చూసి, ఏమీ అడక్కుండా గొంగడి దించాడు. "కొస పట్టు బిడ్డా." మా ఆయన "తాతగారూ, కొలతలు అయిపోయాయి, టైల్స్ కూడా చెప్పేశాం" అనబోతే నాయిన ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. మేం పరిచాం. సుద్ద లేదు. ఇటుక ముక్కతో గీత గీశాను. వంగీ లేచీ నాకు నడుం పట్టేసింది. ఇంకొకసారి పరిచాక అలాగే గొంగడి కొసన కూలబడ్డాను. లేవబోతే తాత చెయ్యి ఊపాడు.

"కూసో, కూసో. మీ అవ్వ గూడ గిట్లనే కూసున్నది. కాకపోతె నీకు నిజంగ నొప్పిలేసింది."

నేను తాత వైపు తిరిగాను. "అంటె? అవ్వకు నొప్పి లేదా?"

"ఆ దినం యాడి నొప్పి! పొద్దున ట్రాలీల ఎట్ల ఎగిరి ఎక్కింది? మల్ల దొర్కని రంగు ఎందుకు మెచ్చిందనుకున్నవు?"

నాయిన గోడకు చేరబడిపోయాడు. "నీకు ఎరుకనా నాయినా?"

"గా గొంగడి మీద ఇన్నేండ్లు పన్న. దాంట్ల మూరెడు పోతె నాకు ఎరుక గాదా?"

"మరి అప్పుడు చెప్పలేదేంది తాతా? ఊరంత నిన్ను జూసి నవ్విరి. నీ గొంగడి అబద్ధమాడిందన్నరు" అన్నాను.

తాత చుట్ట కోసం జేబు తడుముకున్నాడు. వెలిగించలేదు. ఇంకా నేల పడని ఆ ఇంట్లో, ఖాళీ కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. "ఊరు నవ్వింది సరె. మీ అవ్వ నవ్వింది సూసినవా?"

చూశాను. మోకాళ్లు కొట్టుకుంటూ, తాత చెయ్యి పట్టుకుని నవ్వడం నేను నా కళ్లతో చూశాను. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈసారి ఎవరూ మంచినీళ్లు తెప్పించలేదు. మా ఆయన వచ్చి నా పక్కన, ఆ గొంగడి మీదే, బుద్ధిగా కూర్చున్నాడు. "తాతా, లేవమంటారా మరి?" అని అడిగాడు.

"ఎందుకు?" అన్నాడు తాత. వంగి, గొంగడి తల కొస నుంచి జానలు వేసుకుంటూ మా కాళ్ల దాకా వచ్చాడు. అక్కడ చెయ్యి ఆపి, మమ్మల్ని చూసి, "మీ జాగ ఇడిశిన. సరిపోయింది" అన్నాడు.